ఐదో కుంట

త్రివేణికి ఆ పని అప్పగించింది చక్రధర్ సార్. కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఆమె ఎంటెక్ రెండో ఏడు చదువుతుండేది, ఆయన అక్కడ కంప్యూటర్లు చెప్పేవాడు. నెమ్మదైన మనిషి. కోపం వస్తే మాట మానేసి, ఖాళీగా ఉన్న బోర్డునే మళ్ళీ తుడుచుకుంటూ నిలబడేవాడు. అటువంటి మనిషి ఒకరోజు ఉత్సాహంగా పిలిచి, మన చెరువుల మీద ప్రోగ్రాం రాద్దామన్నాడు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఉన్నవన్నీ గొలుసుకట్టు చెరువులే. పై కుంట నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఆ నీళ్ళు కింది కుంటలోకి, అది నిండితే ఆ కిందున్న చెరువులోకి పోతాయి. ఇంత వాన పడితే ఏ చెరువు ఎప్పుడు నిండుతుంది, ఏ కట్ట మీదుగా నీళ్ళు పొర్లుతాయి అన్నది ముందే లెక్కగట్టాలని సార్ ఆలోచన. ఒక్క కంప్యూటర్ మీద పెడితే ఆ లెక్క తేలేసరికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. వాన వెలిశాక జవాబు వస్తే ఎవరికి కావాలి? అందుకని ల్యాబులో మూలకు పడ్డ ఆరు పాత కంప్యూటర్లను వైర్లతో కలిపి, చెరువులను ఆరు భాగాలుగా పంచి, అన్నీ ఒకేసారి లెక్క చేసేటట్టు పెట్టారు.

పంచడం తేలికగానే అయింది. చిక్కంతా పంపడంలో వచ్చింది. ఒక కంప్యూటర్ మెమరీలో ఉన్నది రెండోదానికి కనబడదు, ఏది కావాలన్నా మూటగట్టి పంపాల్సిందే. ఒక అంకెను పంపడానికి రెండు లైన్లు రాస్తే చాలు. చెరువును పంపాలంటే చాలదు. ప్రోగ్రాంలో చెరువంటే కట్ట ఎత్తు, మత్తడి ఎత్తు, నిలిచిన నీళ్ళు, వాటితోపాటు పైనుంచి దానిలోకి నీళ్ళు వదిలే కుంటల వరుస కూడా. ఒక చెరువుకు పైన ఒకటే కుంట ఉంటుంది, ఇంకోదానికి మూడుంటాయి. అన్నీ ఒకే పొడుగు కావు గనక ఆ వరుసను మెమరీలో వేరే చోట పెట్టి, చెరువు దగ్గర ఆ చోటి అడ్రసు ఒక్కటే రాసుకుంటారు. చెరువును ఉన్నదున్నట్టు పంపితే అవతలికి చేరేది ఆ అడ్రసే. కామారెడ్డిలో ఫలానా గల్లీ మూడో ఇల్లు అని రాసుకున్న చీటీ పట్టుకొని ఎల్లారెడ్డిలో తిరిగినట్టు ఉంటుంది. అక్కడ ఆ గల్లీయే ఉండదు, ఉన్నా ఆ ఇంట్లో వేరేవాళ్ళుంటారు. మొదటి నెలంతా త్రివేణి ప్రోగ్రాం నడిచినట్టే నడిచి నడుమ కూలబడేది.

సరైన దారి ఆమెకు తెలుసు. ప్రతి వరుసనూ విప్పి, ఇందులో ఇన్ని ఉన్నాయని ముందు చెప్పి, వెనకాల వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి పంపాలి. అందుకున్న కంప్యూటర్ దాన్ని చదువుకొని తన మెమరీలో చెరువును మళ్ళీ కొత్తగా కట్టుకోవాలి. ఎక్కడ ఒక్కటి తప్పినా వెనకున్నదంతా పక్క గడిలోకి జరిగిపోతుంది. కట్ట ఎత్తు ఉండాల్సిన చోట నీళ్ళ లెక్క వచ్చి కూచుంటుంది. త్రివేణి ఓపికగా రాసుకుంటూ పోయింది గానీ పని ఒక పట్టాన తెమలలేదు. ఈలోగా హైదరాబాదు నుంచి ప్రోగ్రాం చూడ్డానికి మనుషులొస్తున్నారని కబురొచ్చింది.

అప్పుడు సార్ ఒక ఉపాయం చెప్పాడు. పంపేటప్పుడు వరుసలూ అడ్రసులూ వద్దు, పంపే మూటలో ప్రతి చెరువుకూ పై కుంటల కోసం నాలుగు గళ్ళు పెట్టు, లేనిచోట సున్నా వెయ్యి అన్నాడు. అప్పుడు చెరువులన్నీ ఒకే కొలత అవుతాయి, ఒక్క దెబ్బకు పంపొచ్చు.

“నాలుగు కంటే ఎక్కువ ఉంటే సార్?” అని త్రివేణి అడిగింది.

“యాడ ఉంటయి? నేను చూసిన కాడ మూడు దాటలే. ముందు ఇది నడవనీ, తర్వాత నిమ్మలంగ సరిచేద్దాం.”

ఆమె సరే అంది. తనకూ అప్పటికి విసుగొచ్చి ఉంది. ఆ సాయంత్రమే మార్చేసింది. ప్రోగ్రాం గడగడా నడిచింది. కామారెడ్డి చుట్టుపక్కల చెరువులు కొన్ని తీసుకొని ఒక్క కంప్యూటర్ మీద, ఆరింటి మీద విడివిడిగా నడిపి చూశారు. రెండు జవాబులూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. వచ్చినవాళ్ళు మెచ్చుకొని పోయారు. తర్వాత ఎల్లారెడ్డి వైపు చెరువులు కూడా ఎక్కించారు. నిమ్మలంగా సరిచేద్దామనుకున్నది మాత్రం పరీక్షలూ ప్రాజెక్టు రిపోర్టూ మీద పడి అట్లనే ఉండిపోయింది.

త్రివేణి వాళ్ళది ఎర్రగుంటపల్లి. లింగంపేట దాటి ఎల్లారెడ్డికి పోయే తొవ్వలో బస్సు దిగి కొంత లోపలికి నడవాలి. తల్లి రాజమణి బీడీలు చేసేది. తండ్రి గంగారాంకు ఊరచెరువు కింద పొలం, పొలం గట్టున కొట్టం, కొట్టంలో రెండు బర్రెలు. ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డ తమ చెరువును కంప్యూటర్లో పెట్టిందని తెలిసిన నాటి నుంచి గంగారాంకు నేల మీద కాలు నిలవలేదు. ఛాయ్ హోటల్లో కూచుంటే అదే ముచ్చట, పెండ్లికి పోతే అదే ముచ్చట. ఆయన సంబరం చూసి రాజమణికి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది. ముప్పై ఏండ్ల సంసారంలో నేను చెప్పిన ఒక్క మాటా ఈ మనిషి చెవికెక్కలేదు, బిడ్డ చెప్తే మటుకు వేదమైతదని అనేది.

ఆ ఆగస్టులో ముసురు పట్టింది. రెండో నాటి పొద్దుటికి మొగులుకు చిల్లి పడ్డట్టయింది. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, పెద్ద రోడ్డు మీద లారీలు నీళ్ళలో ఆగిపోయాయి. హాస్టల్లో ఉన్న త్రివేణి మోకాలి లోతు నీళ్ళలో కాలేజీకి పోయి, కరెంటు ఉన్నప్పుడే ప్రోగ్రాం నడపాలని కూచుంది. ఎక్కడెక్కడ ఎంత వాన పడిందో ఫోన్లో చూసి ఎక్కించింది. కాసేపటికి జవాబు వచ్చింది. చాలా కట్టల పక్కన నీళ్ళు పొర్లుతాయన్న ఎర్రగుర్తు పడింది. వాటి పేర్లు ఆమె సార్‌కు ఫోన్లో చదివి వినిపించింది. ఆయన తనకు తెలిసిన అధికారులకు చెప్పడానికి పూనుకున్నాడు. ఎర్రగుంటపల్లి ఊరచెరువు పక్కన గుర్తు పడలేదు. నీళ్ళు కట్ట కంటే మూరెడు కిందనే ఆగుతాయని చూపించింది.

త్రివేణి గుండె నిమ్మళించింది. అప్పుడే తండ్రి ఫోన్ చేశాడు.

“బిడ్డా, మన చెరువు ఏమంటున్నది? బర్రెలు కొట్టంల ఉన్నయి. తోలుకొద్దామంటె మీ అవ్వ పోనిస్తలేదు.”

“మూరెడు తక్కువనే ఆగుతది బాపు. కట్ట మీదికి రాదు.”

“అట్లనా. అయితె పోయొస్త.”

జాగ్రత్త అని చెప్పిందో లేదో త్రివేణికి తర్వాత ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. ఫోన్లో వెనక నుంచి తల్లి ఏదో అంటుండడం మటుకు వినబడింది.

మధ్యాహ్నం కట్ట తెగింది. ముందు నీళ్ళు కట్ట మీద నుంచి పలచగా జారాయి. చూస్తుండగానే ఒక చోట మట్టి కోసుకుపోయింది, ఆ వెంటనే బండి పట్టేంత గండి పడింది. పొలాలు ఏకమైపోయాయి. కొట్టం ఉన్న చోట నీళ్ళు తప్ప ఏమీ లేదు. పొద్దుగూకే వేళకు రెండు బర్రెల్లో ఒకటి తానే ఊళ్ళోకి నడిచొచ్చింది. దాని మెడలో పలుపు లేదు. ఎవరో విప్పితేనే గట్లా వస్తుందని అందరికీ అర్థమైంది. విప్పినవాడు రాలేదు.

త్రివేణికి కబురు అందింది గానీ బస్సులు లేవు. మర్నాడు లింగంపేట దాకా ఒక ట్రాక్టరు దొరికింది. అక్కడి నుంచి రోడ్డు కొట్టుకుపోయిన చోటల్లా దిగి, పొలాల్లో పడి నడిచింది. ఆమె ఇల్లు చేరేసరికి ఊరివాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. నీళ్ళు తగ్గాక గంగారాం దూరంగా ఒక మొక్కజొన్న చేనులో, ఒండ్రు కింద దొరికాడు. పక్కింటి మైసన్న, ఇంకో నలుగురూ మంచం మీద మోసుకొచ్చారు.

పిట్టకు పెట్టిన నాడు, కాకులకని పెట్టిన పిండాన్ని ఏ పిట్టా ముట్టలేదు. చాలాసేపు చూశారు. బిడ్డ పెండ్లి చూడలేదని మనాది పెట్టుకున్నడు అని ఒకరన్నారు. పెండ్లి మంచిగ చేస్తమని మొక్కు అని ఇంకొకరు రాజమణికి చెప్పారు. ఆమె మొక్కింది. కాకి వచ్చి ముట్టింది. త్రివేణి ఇదంతా ఎవరింట్లోనో జరుగుతున్నట్టు చూస్తూ కూచుంది.

ఆ సాయంత్రం మైసన్న ఆమె పక్కన కూచున్నాడు. ఓదార్చుదామనే వచ్చాడు. గంగారాంతో చివరగా మాట్లాడింది ఆయనే. కట్ట మీద నుంచి చూస్తే నీళ్ళు ఉబ్బుతున్నాయట. పైకి రమ్మని కేకేశాడట.

“రమ్మంటె నవ్విండు బిడ్డా. నా బిడ్డ చెప్పింది, మూరెడు తక్కువనే ఆగుతది, నువ్వు భయపడకు అన్నడు. నువ్వంటె ఎంత నమ్మకమో చూడు. పోయే ముంగట గూడ నీ పేరే తలిచిండు.”

త్రివేణి లేచి పెరట్లోకి పోయింది. చీకటి పడినా లోపలికి రాలేదు. నిద్ర లేక, తిండి లేక అట్లున్నదని ఆడవాళ్ళు నీళ్ళిచ్చారు.

దినాలు అయ్యాక ఆమె కామారెడ్డికి పోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా ల్యాబులో కూచొని, ఆ నాటి వానను మళ్ళీ ఎక్కించి ఆరు కంప్యూటర్ల మీద నడిపింది. మూరెడు తక్కువ అనే వచ్చింది. వాన లెక్క తప్పేమోనని ఇంకా పెంచి చూసింది. అప్పుడూ కట్ట మీదికి రాలేదు. చివరికి ఎంత సేపైనా కానీ అని ఒక్క కంప్యూటర్ మీదనే పెట్టింది. ఒక్కదాని మీద నడిస్తే ఎవరికీ ఏమీ పంపేది ఉండదు.

మర్నాడు పొద్దున ఆ జవాబు చూసింది. ఎర్రగుంటపల్లి ఊరచెరువు పక్కన ఎర్రగుర్తు ఉంది. నీళ్ళు కట్ట మీదుగా పోతాయని, మధ్యాహ్నానికే పోతాయని ఉంది.

తర్వాత వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఊరచెరువులోకి నీళ్ళు వదిలే కుంటలు ఐదున్నాయి. ఎక్కించిన సమాచారంలో ఐదూ సరిగ్గానే ఉన్నాయి. ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి పంపేటప్పుడు నాలుగు గళ్ళు నిండాయి, ఐదోదానికి చోటు లేదు. ప్రోగ్రాం ఆగలేదు, తప్పని చెప్పలేదు. నాలుగింటిని తీసుకొని ఐదోదాన్ని వదిలేసి తన పని తాను చేసుకుపోయింది. ఆ ఐదో కుంట తండా అవతల గుట్ట కింద ఉంటుంది. ఎండాకాలంలో పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. ఆనాడు అది నిండి, మత్తడి దుంకి, నీళ్ళన్నీ ఊరచెరువులో పడ్డాయి. లెక్కలో మటుకు ఆ కుంటే లేదు.

చక్రధర్ సార్ వచ్చేసరికి ఆమె రెండు జవాబులూ పక్కపక్కన తెరిచిపెట్టి కూచుంది. ఆయన నిలబడే చదివాడు. తర్వాత కుర్చీ లాక్కొని కూచున్నాడు.

“నాలుగని చెప్పింది నేను.”

“రాసింది నేను సార్. బాపుకు చెప్పింది గూడ నేనే.”

కట్ట పాతదని, ఎట్లున్నా తెగేదని, ఇంకెన్నో కట్టలు తెగాయని ఆయన అన్నాడు. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ ఆమె కట్ట గురించి అడగడం లేదు. ఆ పొద్దున ఎర్రగుర్తు కనబడి ఉంటే తాను ఫోన్లో ఏం చెప్పేదో ఆమెకు తెలుసు, తండ్రి ఏం చేసేవాడో కూడా తెలుసు. సార్‌కు కూడా తెలుసు. ఆమె పోతుంటే, ఇంట్లో చెప్పకు త్రివేణీ, చెప్తే మీ అమ్మ దుఃఖం రెండింతలైతది అన్నాడు.

త్రివేణి ఆ మాట మీద నిలబడాలనే అనుకుంది. దసరా దాకా నిలబడింది. ఇంటికి పోయినప్పుడల్లా తల్లి, మీ బాపు మొండితనమే ఆయన్ను తిన్నది, నేను చెప్పిన మాట ఇంటె బతికి ఉండేటోడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుండేది. చచ్చిన మనిషి మీద రోజూ నింద పడుతుంటే వినలేకపోయింది. ఒక పగటి పూట రాజమణి అరుగు మీద ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటే, ఎదురుగా కూచొని ఉన్నదంతా చెప్పింది. ఆరు కంప్యూటర్ల సంగతి, గళ్ళ సంగతి, ఐదో కుంట సంగతి తల్లికి తెలిసేటట్టు మెల్లగా చెప్పింది. బాపుది తప్పు లేదవ్వా, నేను చెప్తేనే పోయిండు అంది.

రాజమణి చేతులు ఆగాయి. చుడుతున్న ఆకు విడిపోయి తంబాకు చాటలో రాలింది.

“నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన,” అంది. “పోకు, మొగులు మంచిగ లేదు అన్న. నా మాట ఇనలె. నీ మాట ఇన్నడు.”

తిట్టలేదు, ఏడవలేదు. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ నాటి నుంచి బిడ్డతో మాట్లాడడం తగ్గించింది. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, ఫోన్ చేస్తే ఎత్తి, బాగనే ఉన్న అని పెట్టేసేది. మొగుడి మొండితనం గురించి మాత్రం మళ్ళీ ఎవరి దగ్గరా అనలేదు. అంత మటుకు త్రివేణి అనుకున్నది నెరవేరింది.

చలికాలమంతా ఆమె ఆ పంపే భాగాన్ని మొదటి నుంచి మళ్ళీ రాసింది. గళ్ళు తీసేసింది. ఏ చెరువుకు ఎన్ని కుంటలుంటే అన్నీ లెక్కపెట్టి, విప్పి, పేర్చి, అవతల మళ్ళీ కట్టేటట్టు రాసింది. అందుకున్న కంప్యూటర్ తనకు ఎన్ని వచ్చాయో పంపినదానికి తిరిగి చెప్పాలి. రెండూ కలవకపోతే ప్రోగ్రాం మొత్తం ఆగిపోవాలి. సార్ పక్కన కూచొని ఒక్కో లైనూ చదివాడు. ఆయన జుట్టు ఆ కొన్ని నెలల్లోనే బాగా నెరిసింది. పని పూర్తయిన నాడు ఇద్దరిలో ఎవరూ సంతోషం చూపించలేదు. దాన్ని పేపరుగా రాసి పంపుదామని ఆయన అంటే, ఎర్రగుంటపల్లి లెక్క తప్పిన సంగతి, ఎందుకు తప్పిందో కూడా అందులో రాయాలని ఆమె పట్టుబట్టింది. ఆయన ఎదురు చెప్పలేదు.

మరుసటి వానాకాలం శ్రావణంలో మళ్ళీ గట్టివాన పట్టింది. త్రివేణి అప్పటికి అదే కాలేజీలో చిన్న ఉద్యోగంలో చేరింది. ముందు రోజే, పడబోతుందన్న వాన లెక్కను ఎక్కించి ప్రోగ్రాం నడుపుకొని ఇంటికొచ్చింది. పొద్దున్నే మైసన్న గొడుగు పట్టుకొని వాకిట్లోకొచ్చి, చెరువు ఎట్లుంటదని అడిగాడు. ఏడాదిలో ఆమెను ఆ మాట అడిగింది ఆయనొక్కడే. ప్రోగ్రాం ఏమంటుందో ఆమెకు తెలుసు, అది సరైనదనీ తెలుసు. అయినా వాకిట్లోకి దిగి ముందు మొగులు దిక్కు చూసింది.

“కట్టకు ఏంగాదని వచ్చింది కాకా,” అంది. “అయినా నా మాట మీద ఎవ్వరూ కిందికి పోవద్దు. పశువులను ఊళ్ళెకు తోలుండ్రి.”

మైసన్న అందరికీ చెప్పి పశువులను తోలించాడు. త్రివేణి ఒక్కతే పోయి, గండి పడ్డ చోట మళ్ళీ పోసిన కొత్త కట్ట మీద నిలబడింది. నీళ్ళు పెరుగుతూ పెరుగుతూ మధ్యాహ్నానికి మత్తడి అందుకున్నాయి. అక్కడి నుంచి పొర్లి కాలువలో పడి పోతూనే ఉన్నాయి తప్ప కట్ట దిక్కు రాలేదు. ఏ వేళకు ఎంత ఎత్తుకు వస్తాయని ప్రోగ్రాం చెప్పిందో ఆ వేళకు అంతే వచ్చాయి. అది చూస్తూ ఆమె తడి మట్టిలోనే కూలబడి ఏడ్చింది. తండ్రి పోయిన నాటి నుంచి ఆమె అట్లా ఏడవడం అదే మొదలు.

ఎవరో వెనక వచ్చి నిలబడ్డారు. రాజమణి. తల మీద యూరియా సంచి మడిచి కప్పుకుంది. చెరువు దిక్కు రావడం ఆమెకు కూడా ఏడాదిలో అదే మొదలు. కొట్టం ఉండే చోటు వైపు కాసేపు చూసింది. అక్కడ పొలం కౌలుకు తీసుకున్నవాళ్ళ వరి పచ్చగా ఉంది.

“ఇప్పుడు సరిగ్గ చెప్తున్నదా?” అని అడిగింది.

“చెప్తున్నదవ్వా.”

రాజమణి తల ఊపింది. బాగుందనలేదు, పోయినేడు గిట్ల చెప్పకపోయె అని కూడా అనలేదు. ఆ మాట ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోవడం త్రివేణి చూసింది. వాన మళ్ళీ అందుకుంటుంటే తల్లి ఒంగి బిడ్డ జబ్బ పట్టుకొని లేపింది. చేతిలో బలం లేదు గానీ పట్టు వదల్లేదు. ఇద్దరూ జారే మట్టిలో ఒకరినొకరు ఆనుకొని కట్ట దిగి ఊరి దిక్కు నడిచారు.